గడప దగ్గర చెంబెడు నీళ్లు

ఆ పొద్దున జొన్నరొట్టె కొరకగానే నోటి నిండా కుళ్లు వాసన వచ్చింది. ఇంట్లో ఎక్కడో మూలన ఎలుక చచ్చి పడి ఉంటే, అదెక్కడుందో తెలియక గాదెల వెనకా మంచాల కిందా వెతుకుతామే, ఆ వాసన. రొట్టెను చూశాను, బాగానే ఉంది. పక్కన చింతకాయ తొక్కు ఉంది. అది మా అత్త పెట్టిన తొక్కు.

"అత్తా, తొక్కు చెడిపోయినట్టుంది" అన్నాను.

తొక్కు మీద మాట పడితే మా అత్త ఊరుకునే మనిషి కాదు. జాడీ తెచ్చి నా ముందు పెట్టింది. వేలు ముంచి నాకింది. "నేను పెట్టిన తొక్కు మూడేండ్లైనా చెడదు. నీ నోరే చెడ్డది పిల్లా" అంది.

ఆమె కోపంతో అన్న మాట. నిజం మాత్రం అదే.

మాది పానగల్ పక్కన చిన్న ఊరు. జొన్నలు, ఆముదాలు పండించుకునే ఇల్లు. నేను, మా ఆయన వెంకయ్య, మా అత్త, ఐదేళ్ల మా బిడ్డ చంద్రి. అప్పుడు నిజాం రాజ్యం, పైగా యుద్ధం రోజులు. ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్నది ఆ చంద్రే. నేను మాట్లాడినట్టే రాయమంటే వినదు, బడి తెలుగులో రాస్తానంటుంది. రాసుకోనీ. కంపు ఏ తెలుగులో రాసినా కంపే.

ఎడమవైపు కింది దవడలో చిట్టచివరి పన్ను అది. వేలు పెట్టి తడిమితే చుట్టూ చిగురు నానిన అటుకుల్లా మెత్తగా తగిలింది. వేలు తీసి వాసన చూశాను. చూడకుండా ఉండాల్సింది. రెండు రోజులు ఆ వేలితో అన్నం కలపలేకపోయాను.

ఆ తర్వాత ఊళ్లో ప్రతివాళ్లూ నా నోటికి వైద్యులే. జిల్లేడు పాలు దూదిలో ముంచి పన్ను మీద పెట్టమంది ఒకామె. పెట్టాను. నొప్పి అలాగే ఉంది, చెంప లోపలి తోలు మాత్రం పొరలు పొరలుగా ఊడొచ్చింది. పొగాకు కాడ నమలమన్నారు. నమిలి, దొడ్లో కూర్చుని పేగులు బయటికి వచ్చేలా వాంతి చేసుకున్నాను. చివరికి మా అత్త పండ్ల పురుగులు తీసే ఆమెను పిలిపించింది.

ఆ పురుగుల ఆమె వాకిట్లో పొయ్యి వేసి, ఇనుప గరిటె ఎర్రగా కాల్చింది. దాని మీద ఆముదం చుక్క, గుప్పెడు వాకుడు గింజలు వేసింది. పొగ లేవగానే వెదురు గొట్టం నా నోట్లో పెట్టి, నా తల వంచి, కింద నీళ్ల పళ్లెం ఉంచింది. పొగకు కళ్లలో, ముక్కులో, నోట్లో నీళ్లు. అవన్నీ కలిసి పళ్లెంలో కారాయి. కాసేపటికి ఆ నీళ్లలో సన్నగా, తెల్లగా, మెలికలు తిరిగినవేవో తేలాయి.

"చూడుండ్రి, గివే ఈమె పన్ను తింటున్నయి" అని పళ్లెం ఎత్తి అందరికీ చూపించింది ఆమె.

చుట్టూ చేరిన ఆడవాళ్లు కొంగులు మూతికి అడ్డం పెట్టుకున్నారు. నా నోట్లోంచి పురుగులు పడడం ఊరంతా చూసింది. ఆ రోజు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే, తింటున్నది నేనా అవా అన్న అనుమానం వచ్చి ఉమ్మేశాను. మరుసటి రోజు పన్ను ఎప్పటిలాగే నొప్పి పెట్టింది. కంపు కూడా ఎప్పటిలాగే ఉంది.

అప్పుడు మా ఆయన నన్ను అంగడికి తీసుకుపోయాడు. అంగట్లో పండ్లు పీకే ఒకాయన నేల మీద గుడ్డ పరిచి కూర్చునేవాడు. పీకిన పండ్లన్నీ దండలా గుచ్చి ముందు పెట్టుకునేవాడు. పసుపుపచ్చవి, నల్లవి, వేర్లకు ఎండిన నెత్తురు అంటుకున్నవి. దండ ఎంత పొడుగుంటే అంత గొప్ప అన్నమాట. నాకంటే ముందు వచ్చిన ముసలాయన నోట్లోంచి తీసిన జంబూర పట్టుకారును పంచె అంచుకు ఒకసారి తుడిచి, అదే నా నోట్లో పెట్టాడు.

గుంజాడు, ఊపాడు, మళ్లీ గుంజాడు. పటుక్కున చప్పుడైంది. నా కళ్ల ముందు చీకట్లు కమ్మాయి.

"వచ్చె తియ్. ఇగ నీకు ఫికర్ లేదు" అని ఒక ముక్క చూపించి దండ వైపు విసిరాడు.

వచ్చింది పన్ను తల మాత్రమే. వేర్లు దవడలోనే ఉన్నాయి. అది మాకు తెలియదు. ఆయనకు తెలిసే ఉంటుంది.

ఆ తర్వాత జ్వరం వచ్చింది. చెంప వాచి కన్ను సగం మూసుకుపోయింది. నోరు వేలు దూరేంత కూడా తెరుచుకోలేదు. అంబలిని పళ్ల సందులోంచి పీల్చుకునేదాన్ని. సగం లోపలికి పోయేది, సగం గదుమ మీద కారేది. మధ్యమధ్య లోపల ఏదో తెగినట్టై నోటి నిండా చీము వచ్చేది. ఉప్పగా, చేదుగా, గోరువెచ్చగా ఉండేది. ఉమ్ముదామంటే నోరు తెరుచుకోదు. ఎంతో కొంత మింగాల్సిందే. నా ఒంటి మీద నాకే అంత రోత అంతకుముందు ఎప్పుడూ పుట్టలేదు.

ఇంట్లో వాళ్లు ఏమీ అనలేదు. అనకుండానే అన్నీ జరిగాయి. నా కంచం విడిగా గూట్లోకి పోయింది. మా అత్త నాతో మాట్లాడేటప్పుడు కొంగు ముక్కు మీదికి లాక్కునేది. మా ఆయన ఉక్క పోస్తోందని మంచం వాకిట్లో వేసుకున్నాడు. అది మాఘమాసం.

వాళ్ల సంగతి సరే. చంద్రి పుట్టిన దగ్గర్నుంచీ నా మెడ కింద మొహం దూర్చి పడుకునే పిల్ల. ఒక సాయంత్రం దగ్గరకు తీసుకోబోతే రెండు చేతులతో ముక్కు మూసుకుంది.

"కంపు. నేను అవ్వ తాన పండుకుంట" అంది.

ఇక్కడికి వచ్చేసరికి చంద్రి రాయడం ఆపి తల వంచుకుంది. రాయమన్నాను. ఐదేళ్ల పిల్లకు ఏం తెలుసు, ముక్కు చెప్పింది విన్నది. కానీ ఆ రోజు నాకు పన్ను నొప్పి గుర్తులేదు.

నాకు లోలోపల ఇంకో భయం ఉంది. మా మేనత్త ఊళ్లో ఒకామెకు ఇలాగే పన్ను చెడి, చీము చెంపకు తూటు పొడుచుకుని బయటికి వచ్చింది. ఆ తూటు మళ్లీ పూడలేదు. గంజి తాగితే అందులోంచి కారేది, ఈగలు ముసిరేవి. ఆమెకు మంచి పేరే ఉండేది. ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలిచేవాళ్లు కాదు, తూటుమూతి అనేవాళ్లు. ఆమె గోడవైపు తిరిగి కూర్చుని తినేది. కన్న బిడ్డలు ఆమె చేతి ముద్ద తినేవాళ్లు కాదు. చిన్నప్పుడు నేనూ ఆమెను చూసి పరుగెత్తినదాన్నే.

ఒకరోజు చెంప తడుముకుంటే వాపు మధ్యలో ఒకచోట తోలు పలచబడి మెత్తగా తగిలింది. అద్దంలో చూస్తే ఎర్రగా నిగనిగలాడుతోంది. తూటు పడేది అక్కడే అని అర్థమైంది. బయటికి వచ్చి, మూసుకున్న పళ్ల మధ్య నుంచే, "నన్ను నల్గొండ దవాఖానకు తీస్కపో. లేకుంటే నడిచే పోత" అన్నాను మా ఆయనతో.

"పరాయి మొగోని ముంగట నోరు తెరుస్తవా?" అంది మా అత్త.

"అంగట్ల తెరిస్తే ఏమనకపోతివి" అన్నాను. మా ఆయన బండి కట్టాడు.

నల్గొండ సర్కారు దవాఖానలో నా చెంప చూసి, ఇది పండ్ల డాక్టరు పని అని చెప్పి పంపారు. ఆ డాక్టరు ముసల్మాను. బొంబాయిలో చదివి వచ్చాడట. ఇంటి ముందు గదిలోనే వైద్యం చేసేవాడు. గదిలో తల ఆనించుకునే కుర్చీ ఒకటి, పక్కన స్టవ్ మీద పనిముట్లు మరిగే గిన్నె, తెల్లగుడ్డ కప్పిన పళ్లెం. గదికీ ఇంటికీ మధ్య పరదా. నేను మొదట చూసింది ఆ మరిగే గిన్నెనే. అంగడి ఆయన పంచె అంచు గుర్తొచ్చి, గిన్నెను చూస్తుంటే కొంత నెమ్మదించింది.

డాక్టరు నా నోటి దగ్గరకు మొహం తెచ్చాడు. ముక్కు మూసుకోలేదు, చిట్లించలేదు. నాకే సిగ్గేసి వెనక్కి జరిగాను.

"జరగకమ్మా. నాకు గిది రోజు ఉండేదే" అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "గిది ఆబ్సెస్. పన్ను తల ఇరిగింది, వేర్లు లోపల్నే ఉన్నయి. చీము బయటికి తొవ్వ ఎతుక్కుంటాంది. ఇంక జర ఆలస్యమైతే చెంపల నుంచే వస్తుండె" అన్నాడు.

"తూటు పడ్తదా డాక్టర్ సాబ్?" అన్నాను.

"పడనియ్య. లోపల్నుంచి నేనే తొవ్వ ఇస్త."

మూసుకున్న పళ్ల సందులోంచే సన్నని కత్తి పోనిచ్చి చిగురు పక్కన చిన్న గాటు పెట్టాడు. ఒక్కసారి ఎంత వచ్చిందంటే, పట్టిన ఎనామిల్ గిన్నె పచ్చగా, నెత్తుటి చారలతో నిండింది. గది అంతా ఆ వాసనే. నేను దాని మీదే ఓకరించాను. మా ఆయన అప్పటికే గుమ్మం బయట ఉన్నాడు. డాక్టరు మాత్రం చెంపను బయటినుంచి నిమురుతూ, చివరి బొట్టు దాకా వచ్చేలా ఒత్తాడు. సల్ఫా బిళ్లలు ఇచ్చి, వేడి ఉప్పునీళ్లు నోట్లో పట్టి ఉంచుకోమన్నాడు.

"ఇప్పుడే వేర్లు తియ్యరాదా?"

"నోరు తెరువకుంటే నా చెయ్యి యాడికెళ్లి పోవాలె? జ్వరం పోనీ. నోరు తెరుచుకోనీ. ఎక్స్‌రే తీయించుకుందామంటే పట్నం పోవాలె. పెట్రోల్ కరువై బొగ్గుతోని నడిచే ఈ బస్సులల్ల ఆ కుదుపులకు నువ్వు ఆగవు. నేనే వేలితోని చూసుకుంట తీస్త."

పోయేముందు మెల్లగా అడిగాను. "నా నోట్ల పురుగులు ఇంకున్నయా?"

సంగతి విని ఆయన నవ్వాడు. "అవి పురుగులు కావమ్మ. వాకుడు గింజ కాలి పగిలితే లోపలి మొలక ఊడి పడ్తది. నా నోట్ల గొట్టం పెట్టినా పడ్తయి."

దాంతో సంతోషం కలగాలి. నాకు ఒళ్లు మండింది. గింజల మొలకలు చూసి ఊరంతా నాకు పురుగుల నోరని పేరు పెట్టారు.

జ్వరం తగ్గింది. చెంప మీద మెత్తని చోటు గట్టిపడింది. మెల్లగా రెండు వేళ్లు పట్టేంత నోరు తెరుచుకుంది. మళ్లీ బండి కట్టించుకుని పోయాను.

డాక్టరు ఏది చేసినా ముందే చెప్పి చేసేవాడు. "సూది మందు ఇస్తున్న, నొవొకెయిన్. యుద్ధానికి మందు కరువైంది, దొరికింది దాచి పెట్టిన." చిగురు చివర సూది దిగింది. కాసేపటికి పెదవి సగం నాది కాకుండా పోయింది. "వేరు కొక్కెం లెక్క ఒంగి ఉన్నట్టుంది. గుంజితే రాదు. చిగురు కోసి పక్కకు జరుపుత. చుట్టూ ఎముక జర చెక్కుత. వేర్లను రెండు ముక్కలు చేసి దేనికది తీస్త. నీకు చప్పుడైతది, నొప్పి కాదు."

ఎముక చెక్కడం అంటే ఉలి, సుత్తె. సుత్తె దెబ్బకు దవడ కిందికి జారకుండా ఎవరో ఒకరు కింద చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకోవాలి. ఆ పని మా ఆయనకు చెప్పాడు. "గదుమ కింద అరచెయ్యి పెట్టు. పైకి పట్టుకో. నేను కొడితే నువ్వు కదలొద్దు."

చిగురు కోయగానే లోపల మిగిలిన చీము వచ్చింది. ఆ వాసన నాకూ తెలిసింది. మా ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మొహంతో పాటు చెయ్యీ సడలింది. సరిగ్గా అప్పుడే సుత్తె పడింది. చెవి పక్కన దవడ కీలు ఊడిందా అన్నట్టు కలుక్కుమంది. సూది మందు అక్కడిదాకా పోలేదు. నేను గొంతులోంచి ఏదో అరిచాను.

డాక్టరు ఉలి తీసేశాడు. "దవడ పట్టుకోమంటే గోడ చూస్తవేంది?" అన్నాడు.

మా ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటి మోరీ కాలువ దగ్గరకు పరుగెత్తాడు. కుర్చీలో నేను, నోరంతా కోసిపెట్టి, దవడ పట్టుకునే దిక్కు లేకుండా. ఆ నిమిషంలో నాకు మొగుడి మీద పుట్టినంత అసహ్యం ఆ చీము మీద కూడా పుట్టలేదు.

పరదా కదిలింది. లోపల్నుంచి ఒక ముసలామె వచ్చింది, డాక్టరు తల్లి. చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి, నా తలను తన పొట్టకు ఆనించుకుని, దవడ కింద రెండు అరచేతులూ పెట్టింది.

"నక్కో రో బేటీ" అంది. ఏడవకు బిడ్డా అని.

ఆమె చేతులు ముసలి చేతులు. రాయిలాగా కదలకుండా నిలిచాయి. ఉలి మీద సుత్తె పడ్డప్పుడల్లా చప్పుడు నా తలలో మోగింది, దవడ మాత్రం అంగుళం జరగలేదు. తర్వాత ఎలివేటర్ అనే పనిముట్టుతో ఒక వేరును మెల్లగా లేపాడు. కట్టె పగిలినట్టు చిటపటమంది. ఒక వేరు గిన్నెలో టంగుమంది. రెండోది ఎంతకీ రాలేదు. ఆయన నుదుటి చెమట ఆయన ముందుకు వంగితే తల్లే భుజంతో తుడిచింది, చేతులు మాత్రం నా దవడ కింద నుంచి తీయలేదు. చివరికి అదీ వచ్చింది. కొనన నిజంగానే కొక్కెంలా వంగి ఉంది. దాని చివర ఉలవగింజంత చీము తిత్తి వేలాడుతోంది. ఆయన చూపించాడు. నేను చూశాను. ఇన్నాళ్లూ నా కంచాన్ని గూట్లోకి పంపింది ఇదా అనుకున్నాను.

గాయం కడిగి, ఎముక అంచులు నునుపు చేసి, పట్టుదారంతో కుట్లు వేసి, మడిచిన గుడ్డ పెట్టి కొరికి పట్టుకోమన్నాడు. "ఇప్పుడు పన్ను ఊడిన గుంతల, సాకెట్ల, నెత్తురు గడ్డ కడ్తది. ఆ గడ్డనే నీకు మందు. రేపటి దాక పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు. నోట్లెకు ఏమొచ్చినా మింగు." చేత్తో కూడా చూపించాడు, మోరీ దగ్గర్నుంచి తిరిగొచ్చిన నా మొగుడికీ చెప్పాడు. మా ఆయన నేల చూస్తూ తలూపాడు.

బండి ఇంటి ముందు ఆగింది. గడప దగ్గర మా అత్త చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది.

మా వైపు పట్టింపు అది. చావు ఇంటి నుంచి వచ్చినా, నెత్తురు కారిన చోటు నుంచి వచ్చినా, గడప బయటే కాళ్లు కడిగి, మూడుసార్లు నోరు పుక్కిలించి లోపలికి రావాలి. ఇంట్లో దేవుడుంటాడు, పిల్లలుంటారు.

నేను నోరు చూపించి వద్దని చేతులూపాను.

"నోట్లె నెత్తురు పెట్టుకొని గడప దాటుతవా? నెత్తురు మింగుతవా, రాకాసివా? పుక్కిలించి రా" అంది.

మా ఆయన అక్కడే ఉన్నాడు. డాక్టరు చెప్పింది విన్నవాడు. ఎడ్లను విప్పుతూ అటే తిరిగి ఉన్నాడు. ఆ రోజు ఆయన మొహం తిప్పుకోవడం అది రెండోసారి. అత్త వెనకాల చంద్రి నిలబడి నన్నే చూస్తోంది. లోపలికి పోతే చాలు, బిడ్డ దగ్గరికి పోవచ్చు అనిపించింది. గుడ్డ తీసేసి పుక్కిలించాను. మూడోసారి ఉమ్మినప్పుడు నల్లగా, జారుడుగా, కాలేయం ముక్కలాంటిది ఒకటి మట్టిలో పడింది. మా అత్త దాని మీద నీళ్లు కుమ్మరించింది. నా మందు అలా మట్టిలో కలిసింది.

రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు మొదలైన నొప్పి ముందు పడ్డ నొప్పులన్నిటినీ మరిపించింది. చెవిలోకి, కణతలోకి, మెడలోకి పాకింది. కంపు మళ్లీ వచ్చింది, మునుపటికంటే ముతకగా. కాస్త దగ్గరకు వస్తున్న చంద్రి మళ్లీ ముక్కు మూసుకుంది.

ఈసారి మా అత్త నాతో వచ్చింది. దవడ వదిలేసి పరుగెత్తిన కొడుకు నిర్వాకం డాక్టరు మాటల్లో వినాలని వచ్చిందనుకుంటాను. డాక్టరు అద్దం పెట్టి చూశాడు.

"గడ్డ ఏది? ఎముక తెల్లగ కనబడ్తాంది. డ్రై సాకెట్ అయింది. ఎవరు కడగమన్నరు?"

"నేనే" అంది మా అత్త. తగ్గే మనిషి కాదు. "నెత్తురు నోటితోని గడప దాటితే ఇంటికి అరిష్టం. మీ ఇంట్ల లేకుంటే లేకపాయె, మాకున్నది."

డాక్టరుకు కోపం వచ్చింది. అయినా నెమ్మదిగా అన్నాడు. "తొక్కు జాడీకి మూత తీసి వాకిట్ల పెడ్తవా అవ్వా?"

"ఎట్ల పెడ్త? పురుగు పడదా?"

"ఆ నెత్తురు గడ్డ గా మూతే. నువ్వు తీసి మట్టిల పడేసినవు."

తొక్కు సంగతి మా అత్తకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. "మరి గడప సంగతేంది?" అంది.

"గడప దాటనియ్యకు. బయట అరుగు మీద కూసోబెట్టు. తెల్లారే దాక అక్కడ్నే ఉండనీ. కడగకు, అంతే."

ఆమె తలూపింది. ఇదంతా ముందే చెప్పి ఉంటే బాగుండేది కదా అన్నట్టు డాక్టరునే గుర్రుగా చూసింది.

డాక్టరు సాకెట్ కడిగి, అయోడోఫామ్ గుడ్డను లవంగనూనెలో ముంచి లోపల కుక్కాడు. ఆ అయోడోఫామ్ వాసన గురించి ఏం చెప్పను. దవాఖానలోని వాసనలన్నీ కలిపి నా నోట్లో కాపురం పెట్టినట్టుంది. తిన్నదంతా అదే రుచి. నొప్పి మాత్రం బండి ఎక్కేలోపే సగం తగ్గింది. ఆ గుడ్డ మార్చుకోవడానికి చాలాసార్లు తిరిగాను. ప్రతిసారీ డాక్టరు తల్లి వచ్చి నా దవడ పట్టుకుంది, అవసరం లేకపోయినా.

గాయం మెల్లగా పూడింది. చెంపకు తూటు పడలేదు. కంపు పోయింది. నా కంచం గూట్లోంచి పొయ్యి దగ్గరికి తిరిగొచ్చింది. చంద్రి ముక్కు మీద చెయ్యి మాత్రం చాలాకాలం పోలేదు. వాసన లేకపోయినా నన్ను చూడగానే అలవాటుగా చెయ్యి లేచేది. ఒకరోజు జొన్నచేను దగ్గర నా ఒళ్లో కూర్చుని, మరిచిపోయి, మొహం నా మెడ కింద పెట్టింది. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను, వదిలితే లేచిపోతుందేమోనని.

నిజాం రాజ్యం పోయే గడబిడ రోజుల్లో నల్గొండ పోవడం కుదరలేదు. అవి సద్దుమణిగాక చూడబోతే డాక్టరు తల్లికి చేతులు వణుకుతున్నాయి. డాక్టరు కాక ఇంకో పరాయి మగాడి చెయ్యి తగలొద్దని ఆడవాళ్లు దవడ పట్టుకోనివ్వక తిరిగి పోతున్నారని డాక్టరు చెప్పాడు. అంగడి రోజుల్లో నేను వస్తానన్నాను.

"ఊరోళ్ల ఎంగిలి నోర్లు పట్టుకుంటవా?" అన్నాడు మా ఆయన.

"నా ఎంగిలి నోరు ఎవలు పట్టుకున్నరో యాదికున్నదా?" అన్నాను.

అప్పటి నుంచి ఎన్ని నోళ్లు చూశానో. కుళ్లినవి, పొగాకుకు నల్లబడ్డవి, జిల్లేడు పాలకు కాలినవి. రోత రోతే, అలవాటైతే పోతుందనేవాళ్ల మాట నమ్మకండి. చదివే మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. పన్ను తీయించుకున్న రోజు ఆ గుడ్డను గట్టిగా కొరికి పట్టుకోండి. ఉమ్మకండి, పుక్కిలించకండి. మీ ఇంట్లో గడప పట్టింపు ఉంటే గడప బయటే కూర్చోండి, ఎవరినైనా పక్కన కూర్చోమనండి.

మొన్న చలికాలంలో మా ఆయనకు కింది పన్ను చెడింది. నెలరోజులు దాచాడు. పక్కలో పడుకునే నాకు తెలియకుండా ఉంటుందా. నల్గొండ తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టి, దవడ కింద నేనే చేతులు పెట్టాను. డాక్టరు చిగురు కోశాడు. వచ్చింది, నాకు బాగా తెలిసిన వాసనే. మా ఆయన కళ్లు పైకి తిరిగి నా మొహం మీద ఆగాయి. తిప్పుకుంటానేమోనని చూస్తున్నాడు. రోత పుట్టింది, అబద్ధం చెప్పను. మొహం తిప్పలేదు. సుత్తె పడుతున్నంతసేపూ ఆయన నన్నే చూస్తూ ఉన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా అత్త గడప ముందు నిలబడి ఉంది. చేతిలో చెంబు లేదు. దాన్ని కడిగి, అరుగు చివర బోర్లించి పెట్టింది.

"గాడ్నే కూసో బిడ్డా. నోరు మూస్కొని కూసో" అంది కొడుకుతో.

గొంగడి కప్పుకుని ఆయన అరుగు మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆయన నోట్లో గుడ్డ, మాట్లాడే వీల్లేదు. పొద్దు గుంకుతుండగా ఆయన చెయ్యి చాపి, నా దవడ కింద, అప్పుడు తన పట్టు సడలిన చోటే, అరచెయ్యి ఆనించాడు.

"ఇప్పుడెందుకయ్యా, తియ్" అన్నాను.

తీయలేదు.